వెన్ను చెప్పే మాట

నడుం నొప్పి ఎరగని ఇల్లు ఉండదు. నాట్లు వేసి ఇల్లు చేరిన తల్లికీ, పొద్దస్తమానం ఆటో నడిపిన కొడుక్కీ, కంప్యూటర్ ముందు కూర్చుని లేచిన కూతురికీ సాయంత్రమయ్యేసరికి అదే బాధ. 2020లో ప్రపంచం మొత్తం మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ నొప్పుల్లో చాలామటుకు కండరాల నొప్పులు, కీళ్ల నొప్పులు, డిస్కు నొప్పులే. కొద్దిపాటి విశ్రాంతి, తగిన వ్యాయామం, నాలుగు రోజుల మందులతో సర్దుకుపోతాయి. అందుకే నడుం పట్టేసిందనగానే కాపడం పెట్టుకోవడం, బామ్ రాసుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటును తప్పు పట్టనక్కర్లేదు. అయితే ఇంతమంది నొప్పుల మధ్య, ఎప్పుడో ఒకసారి, పూర్తిగా వేరే కారణంతో పుట్టిన నొప్పి ఒకటి ఉంటుంది. వెన్నుపాముకు రక్తం అందించే సన్నటి ధమని ఒకచోట ఉబ్బి, ఆ ఉబ్బు పగిలినప్పుడు వచ్చే నొప్పి అది.

ధమని గోడ బలహీనపడి ఇలా ఉబ్బడాన్ని అన్యూరిజమ్ అంటారు. మెదడులో వచ్చే అన్యూరిజమ్ గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలిసినవాళ్లలో ఎవరికో వచ్చిందనీ, తలలోకి కాయిల్ పంపి నయం చేశారనీ వింటూనే ఉన్నాం. వెన్నుపాము ధమనులకు వచ్చే అన్యూరిజమ్ అలా కాదు. చేయి తిరిగిన న్యూరోసర్జన్ కూడా తన జీవితకాలంలో చూసినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టగలడు. ఒక్కటీ చూడకుండానే పదవీ విరమణ చేసేవాళ్లూ ఉంటారు. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల కింద జరిగే రక్తస్రావాల్లో వెన్ను వైపు నుంచి మొదలయ్యేవి నూటికి ఒకటి కన్నా తక్కువ. అందులోనూ అన్యూరిజమ్ వల్ల వచ్చేవి మరీ తక్కువ.

ఇంత అరుదైన జబ్బు గురించి అందరూ తెలుసుకోవలసిన అవసరం ఏముంది అనిపించవచ్చు. పదిమందికీ వచ్చే జబ్బయితే వైద్యుడికి చూసీచూడగానే తెలుస్తుంది. పక్కింటివాళ్లు కూడా లక్షణాలు చెప్పగలరు. అరుదైన జబ్బుతో వచ్చిన మనిషికి ఆ ఆసరా ఉండదు. తనకేమైందో అతనికి తెలియదు, తీసుకొచ్చినవాళ్లకు తెలియదు, మొదట చూసిన వైద్యుడి అనుభవంలోనూ అలాంటిది ఉండదు. అతను చెప్పేది ఎవరో ఒకరు నిదానంగా విని, ఇది మామూలు నొప్పిలా లేదే అని ఆగి ఆలోచిస్తేనే అతనికి దారి దొరుకుతుంది. ఈ జబ్బును పట్టుకోవడానికీ, నయం చేయడానికీ గొప్ప యంత్రాలు కావాలి, గొప్ప నైపుణ్యం కావాలి. వాటికన్నా ముందు ఓపిక కావాలి.

మన వెన్నుపాము పొడవు మూరెడు. బరువు 35 గ్రాముల దరిదాపుల్లో. మన నడక, చేతి పట్టు, ఒంటిమీద స్పర్శ, మలమూత్రాల మీద అదుపు, అన్నీ ఆ మూరెడు మేర మీదుగా సాగే సంకేతాల వల్లనే. దాన్ని పోషించే ప్రధాన ధమనులు మూడు. ముందువైపు నిలువుగా ఒకటి, వెనకవైపు రెండు. ముందు ధమని ఒక్కటే వెన్నుపాములో మూడింట రెండు వంతులకు రక్తం ఇస్తుంది. కాళ్లూచేతులను కదిలించే నరాల భాగం చాలావరకు దీని పోషణలోనే ఉంది. మిగిలిన మూడో వంతు వెనక ధమనులది. ఈ ముందు ధమని మెడలోని రెండు వెర్టిబ్రల్ ధమనుల కొమ్మలు కలిసి మొదలవుతుంది. అంత దూరం నుంచి వచ్చే రక్తం ఒక్కటే కింది దాకా చాలదు కాబట్టి దారి పొడవునా పక్కల నుంచి చిన్న ధమనులు వచ్చి కలుస్తాయి. గర్భంలో ఉన్నప్పుడు ఒక్కో వెన్ను ఖండానికి రెండు పక్కలా ఒక్కో ధమని చొప్పున 31 జతలు ఉంటాయి. బిడ్డ ఎదిగేకొద్దీ వాటిలో చాలావరకు క్షీణించి, ముందు ధమనికి ఆసరాగా సగటున ఆరో ఎనిమిదో మిగులుతాయి.

మిగిలినవాటిలో పెద్దది ఆడమ్‌కీవిచ్ ధమని. అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న పోలండ్ నగరం క్రాకవ్‌లో ఆచార్యుడిగా పనిచేసిన ఆల్బర్ట్ ఆడమ్‌కీవిచ్ 1881, 1882 సంవత్సరాల్లో వెన్నుపాము రక్తనాళాల గురించి వివరంగా రాశాడు. ఎక్స్‌రేలు కూడా లేని రోజులు. చనిపోయినవారి దేహాల్లో వెంట్రుకల్లాంటి నాళాలను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని, బొమ్మలు గీసి చూపించాడు. తర్వాతి కాలంలో క్యాన్సర్‌కు కారణం, మందు కనిపెట్టానని ఆయన ప్రకటించుకున్నాడు కానీ అది నిలవలేదు. ఓపికగా చేసిన ఆ తొలి పని మాత్రం నిలిచింది. ఈనాటికీ ఛాతీ, పొట్ట భాగంలో పెద్ద ధమనికి ఆపరేషన్ చేసే ప్రతి సర్జన్ ఆయన పేరు తలచుకోవలసిందే. ఈ ధమని ఎక్కువమందిలో ఎడమవైపు, ఛాతీ వెన్నుపూసల్లో తొమ్మిదో దానికీ పన్నెండో దానికీ మధ్య పుడుతుంది. పైకి వెళ్లి, ఒక్కసారిగా మలుపు తిరిగి కిందికి దిగుతుంది. ధమనులను రంగుద్రవంతో చూపే యాంజియోగ్రామ్ బొమ్మలో ఆ హెయిర్‌పిన్ మలుపును చూసే వైద్యులు దాన్ని గుర్తుపడతారు.

పైనుంచి వచ్చే రక్తానికీ, కింద ఆడమ్‌కీవిచ్ ధమని తెచ్చే రక్తానికీ నడుమ, ఛాతీ మధ్య భాగంలో వెన్నుపాముకు అందే రక్తం అంతంతమాత్రం. కాలువ శివారు పొలం ఎలాంటిదో డెల్టా రైతుకు వివరించి చెప్పనక్కర్లేదు. పైన ఎక్కడ చిన్న అడ్డు పడినా ముందు ఎండేది అదే. మెదడుకు ఈ విషయంలో కొంత అదృష్టం ఉంది. దాని అడుగున ధమనులన్నీ కలిసి ఒక వలయంగా ఏర్పడ్డాయి. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో వర్ణించిన ఆ వలయం వల్ల ఒక దారి మూసుకుపోయినా ఇంకో దారిన రక్తం చేరే అవకాశం ఉంటుంది. వెన్నుపాముకు అంత ఉదారమైన ఏర్పాటు లేదు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే, ఇక్కడి అన్యూరిజమ్‌కు చికిత్స చేయడం ఎందుకంత కష్టమో అర్థమవుతుంది.

అన్యూరిజమ్ తీరు కూడా రెండుచోట్లా ఒకటి కాదు. మెదడులో అది ఎక్కువగా ధమని రెండుగా చీలే చోట, ఒకపక్కకు తిత్తిలా ఉబ్బుతుంది. వెన్నుపాము ధమనుల్లో చాలాసార్లు చీలికతో సంబంధం లేకుండా, నాళం చుట్టుకొలత అంతా కదురు ఆకారంలో లావెక్కుతుంది. ధమని గోడలోని పొరలు విడిపోయి వాటి మధ్యకు రక్తం చేరడం ఇందుకు ఒక కారణం. ధమనులు, సిరలు పుట్టుకతోనే అడ్డదిడ్డంగా కలిసిపోయి ఉన్నవారిలో, ఆ చోటికి ఉరవడిగా పారే రక్తం ఒత్తిడికి ఇలాంటి ఉబ్బులు రావడం ఇంకో కారణం. వెన్నుపాము అన్యూరిజమ్‌లలో ఎక్కువగా కనిపించేవి ఈ రెండో కారణంతో వచ్చేవే. రక్తనాళాల వాపు జబ్బులు, ఒంట్లోని బంధక కణజాలం పుట్టుకతో బలహీనంగా ఉండటం మరికొన్ని కారణాలు. ఏ కారణమూ దొరకనివీ ఉన్నాయి.

మరో కారణాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని కొందరిలో పుట్టుకతోనే ఒకచోట ఇరుకుగా ఉంటుంది. కిందికి వెళ్లవలసిన రక్తం ఆ ఇరుకును తప్పించుకోవడానికి పక్కదారులు వెతుక్కుంటుంది. ఆ పక్కదారుల్లో వెన్నుపాము ముందు ధమని ఒకటి. దారం మందాన ఉండవలసిన నాళం తనది కాని బరువు మోసీ మోసీ లావెక్కుతుంది, ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ఇలాంటి మనిషికి చేతుల్లో రక్తపోటు ఎక్కువగా, కాళ్లలో తక్కువగా ఉంటుంది. గజ్జల దగ్గర నాడి బలహీనంగా తగులుతుంది. చిన్న వయసులో బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ గజ్జల దగ్గర నాడి చూడాలన్నది వైద్య విద్యార్థికి మొదట్లోనే నేర్పే పాఠం. రూపాయి ఖర్చు లేని ఆ పరీక్ష, ఒక్క నిమిషం శ్రద్ధతో, వెన్నులో జరగబోయే ప్రమాదాన్ని ఏళ్ల ముందే ఆపగలదు.

ఉబ్బు పగిలే దాకా చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. పగిలిన క్షణం మాత్రం ఎవరూ మరచిపోలేరు. వెన్నులో కత్తితో పొడిచినట్టు ఉంటుందని 1928లో ఫ్రెంచ్ వైద్యుడు మిషోన్ రాశాడు. నాడీవైద్యులు ఈనాటికీ ఆ పోలికను ఆయన పేరుతోనే వాడుతున్నారు. రోగులు చెప్పిన మాటను వైద్యుడు ఉన్నదున్నట్టు స్వీకరించాడు కాబట్టే అది రోగ నిర్ధారణకు గుర్తుగా నిలిచింది. మామూలు నడుం నొప్పి ఎప్పుడు మొదలైందంటే రోగి కాస్త ఆలోచించి చెబుతాడు. ఈ నొప్పి అలా కాదు. బిందె ఎత్తుతుండగానో, బస్సు దిగుతుండగానో, నిద్రలో ఉండగానో, ఫలానా క్షణాన వచ్చిందని చెప్పగలుగుతాడు. నొప్పి రెండు భుజాల మధ్య నుంచో, నడుం నుంచో మొదలై మెడకు, కాళ్లకు పాకుతుంది. బయటికి వచ్చిన రక్తం వెన్ను ద్రవంలో కలిసి తల వైపు చేరితే తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టి వెన్నుపామును నొక్కితే కాళ్లు మొద్దుబారతాయి, పట్టు తప్పుతాయి, మూత్రం ఆగిపోతుంది.

ఈ లక్షణాల్లో ఏది ముందు కనిపిస్తే రోగి అటువైపు వెళతాడు. ఛాతీ వెనక నొప్పి అయితే గుండె డాక్టరు దగ్గరికి, నడుం అయితే ఎముకల డాక్టరు దగ్గరికి, మూత్రం ఆగితే మూత్రనాళాల డాక్టరు దగ్గరికి. ఏ ఒక్కరినీ తప్పుపట్టడానికి లేదు; ఎవరికి వారు తమ వైపు నుంచి సరిగానే చూస్తారు. మధ్యలో ఒకరు ఆగి, ఇవన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయేమో అని అడగాలి. పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. నొప్పి అనగానే బోర్లా పడుకోబెట్టి వెన్ను మర్దన చేయించడం, నడుం విరిపించడం. కండరం పట్టేస్తే మర్దనతో హాయి కలగవచ్చు. పిడుగులా వచ్చిపడిన నొప్పికి, అందులోనూ కాళ్లలో పట్టు తగ్గుతున్నప్పుడు, అది చేయకూడని పని. ఆ గంటలు ఎంతో విలువైనవి.

ఇక నిర్ధారణ సంగతి. తీవ్రమైన తలనొప్పితో, మెడ బిగుసుకుపోయి వచ్చిన రోగికి ముందు తల సీటీ తీస్తారు. అనుమానం తీరకపోతే వెన్నులో నీరు తీసి చూస్తారు. అందులో రక్తం కనిపిస్తే మెదడు ధమనులకు యాంజియోగ్రామ్ చేస్తారు. ఇలా రక్తస్రావమైనవారిలో సుమారు 15 శాతం మందికి ఆ యాంజియోగ్రామ్‌లో కారణం దొరకదు. వాళ్లలో చాలామంది వేరే చికిత్స అవసరం లేకుండానే కోలుకుంటారు. కారణం దొరకనివారిలో అతికొద్దిమందికి మాత్రం మూలం తలలో లేదు, వెన్నులో ఉంది. నొప్పి ముందు వీపులో వచ్చి తర్వాత తలకెక్కిందా అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ దారి చూపుతుంది. స్కాన్‌లో కనిపించని వరసక్రమం రోగి మాటలో ఉంటుంది. అతను చెప్పలేని స్థితిలో ఉంటే పక్కన ఉన్న భార్యనో, అన్ననో, వెంట వచ్చిన ఆటో డ్రైవర్‌నో అడగాలి.

వెన్ను మీదికి అనుమానం మళ్లిన తర్వాత ఎమ్మారై ఎంతో సాయం చేస్తుంది. రక్తం ఎక్కడ చేరిందో, వెన్నుపాము ఎంతవరకు నలిగిందో చూపిస్తుంది. కానీ కొన్ని మిల్లీమీటర్ల ఉబ్బు, దాని చుట్టూ గడ్డకట్టిన రక్తంలో కనిపించకపోవచ్చు. ఆఖరి మాట చెప్పేది వెన్ను యాంజియోగ్రామే. దీని చరిత్ర పెద్దది. మెదడు ధమనులను రంగుద్రవంతో తొలిసారి చూపింది 1927లో లిస్బన్‌లో ఈగాస్ మోనిజ్. తొడ మొదట్లోని ధమని ద్వారా సన్నటి గొట్టాన్ని సురక్షితంగా పంపే పద్ధతిని 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ ప్రకటించాడు. 1960లలో పారిస్‌లోని లారిబొయ్‌జియేర్ ఆస్పత్రిలో రెనే జింజియన్, అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో జొవాన్ని డి కీరో బృందం ఆ దారిని వెన్నుపాము దాకా తీసుకెళ్లారు. 1968లో డాప్‌మన్, డి కీరో, ఒమ్మాయా కలిసి వెన్నుపాములోని ఒక రక్తనాళాల చిక్కును కత్తి పెట్టకుండా, గొట్టం ద్వారానే మూయవచ్చని చూపారు.

మెదడు యాంజియోగ్రామ్‌కు నాలుగు పెద్ద దారులు చూస్తే సరిపోతుంది. వెన్నుకు అలా కాదు. మెడ ధమనులు, పక్కటెముకల మధ్య సాగే ధమనులు, నడుం ధమనులు, కటి భాగం ధమనులు, రెండు పక్కలా ఒక్కొక్కటిగా వెతకాలి. ఒక్కోదాంట్లో గొట్టం మొన పెట్టాలి, రంగుద్రవం వదలాలి, ఊపిరి కదలిక లేకుండా బొమ్మ తీయాలి. గంటలు పడుతుంది. రంగుద్రవం కిడ్నీలకు భారం కాకుండా చూసుకోవాలి. కంగారుపడితే ఒక ధమని తప్పిపోతుంది, తప్పిపోయిన ఆ ధమనిలోనే ఉబ్బు ఉండవచ్చు. ఇంత వెతికినా మొదటిసారి ఏమీ కనిపించకపోవచ్చు. గడ్డకట్టిన రక్తమో, ధమని బిగుసుకుపోవడమో దాన్ని దాచేస్తుంది. కొన్ని రోజులకో వారాలకో మళ్లీ చేసిన యాంజియోగ్రామ్‌లో అది బయటపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. రెండోసారి వెతకడానికి వైద్యుడికి మనసు ఒప్పాలి, రోగికి నమ్మకం ఉండాలి. మొదటి పరీక్షలో ఏమీ లేదని తేలగానే నిశ్చింతగా ఇంటికి వెళ్లాలనిపించడం సహజం. ఆ సహజమైన కోరికకు ఎదురు వెళ్లి ఇంకోసారి చూద్దాం అని చెప్పగలగడం మంచి వైద్యం.

దొరికిన తర్వాత ఏం చేయాలి? ఇదీ అసలైన పరీక్ష. మూడు దారులున్నాయి. మొదటిది శస్త్రచికిత్స. వెన్నుపూస వెనక భాగాన్ని తొలగించి, మైక్రోస్కోప్ కింద ఉబ్బును చేరుకుంటారు. రక్తం గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉంటే దాన్ని కూడా తీసేసి ఒత్తిడి తగ్గించవచ్చు. ఉబ్బు తిత్తిలా ఉంటే దాని మెడకు క్లిప్ పెడతారు. మెదడు అన్యూరిజమ్‌కు అమెరికాలో వాల్టర్ డాండీ 1937లో తొలిసారి పెట్టిన క్లిప్ వంశంలోదే ఇదీ. కదురులా ఉన్నదానికి మెడ ఉండదు. దాన్ని బయటి నుంచి చుట్టి బలపరచడమో, పక్కదారుల రక్తం చాలినంత ఉందని నమ్మకం కుదిరితే ఆ ముక్కను తీసేయడమో చేయాలి. వెనక ధమని మీది ఉబ్బయితే చేరుకోవడం కొంత సులువు, ఆ ధమనిని కోల్పోయినా చాలాసార్లు తట్టుకోవచ్చు. ముందు ధమని మీదిదైతే వెన్నుపామే అడ్డుగా ఉంటుంది. పక్కనుంచి, దాన్ని కదిలించీ కదిలించకుండా, వెళ్లాలి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాల సంకేతాలు అటూ ఇటూ సాగుతున్నాయో లేదో యంత్రం మీద చూస్తూనే ఉండాలి.

రెండోది గొట్టం ద్వారా చేసే చికిత్స. తొడ మొదట్లో మొదలైన అతి సన్నటి గొట్టం ధమనుల వెంట వెళ్లి ఉబ్బును చేరుతుంది. అక్కడ కాయిల్ కూర్చడమో, జిగురులాంటి మందుతో మూయడమో చేస్తారు. ఇటలీకి చెందిన గుయ్‌డో గుల్యెల్మి 1990 ప్రాంతంలో కాలిఫోర్నియాలో వాడకంలోకి తెచ్చిన విడదీయగల కాయిల్ మెదడు అన్యూరిజమ్ చికిత్సనే మార్చేసింది. వెన్నులో చిక్కు ఏమిటంటే, ముందు ధమని మందం చాలాచోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. ఉన్నవాటిలో సన్నని గొట్టమే దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. జిగురు అనుకున్న చోటు దాటి కాస్త ముందుకు పోతే పోషించవలసిన ధమనే మూసుకుపోతుంది. ఉబ్బు నయమై, కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే కొన్ని కేంద్రాల్లో మూసే ముందు అక్కడికి తాత్కాలికంగా పనిచేసే మత్తుమందు పంపి, నరాల పనిలో తేడా వస్తుందేమో పరీక్షించి చూస్తారు.

మూడో దారి ఆగి చూడటం. ధమని పొరలు విడిపోవడం వల్ల వచ్చిన చిన్న ఉబ్బులు కొన్ని, ఏ చికిత్సా చేయకుండానే, వారాల తర్వాత తీసిన బొమ్మల్లో మాయమైనట్టు నమోదయ్యాయి. గోడ తనంతట తాను మానింది. ఏది మానుతుందో, ఏది మళ్లీ పగులుతుందో ముందే చెప్పే కొలబద్ద లేదు. ఇంత అరుదైన జబ్బులో వందలమందిని రెండు గుంపులుగా చేసి ఏ చికిత్స మెరుగో తేల్చే పరిశోధనలు సాధ్యం కావు. ఉన్నదల్లా ఒక్కొక్క రోగి కథను వైద్యులు నిజాయితీగా రాసిపెట్టిన నివేదికలే. ఎక్కడో జపాన్‌లోనో జర్మనీలోనో ఒక రోగికి ఏం చేశారో, ఏమైందో చదివి, ఇక్కడి వైద్యుడు తన ముందున్న మనిషికి ఏది మేలో ఆలోచిస్తాడు. ఫలితం బాగా వచ్చిన కేసుతో పాటు రాని కేసునూ రాయడం ఎందుకు అవసరమో ఇక్కడ తెలుస్తుంది. రేపటి రోగికి అదే పుస్తకం.

ఆగి చూడటాన్ని మన కుటుంబాలు సులువుగా ఒప్పుకోవు. పెద్దాసుపత్రికి వచ్చాం, అప్పు చేసి వచ్చాం, ఏదో ఒకటి చేయండి డాక్టరుగారూ అంటారు. ఆ ఆరాటంలో ప్రేమ ఉంది. ఏదో ఒకటి చేశామనిపించుకోవడం వైద్యుడికీ సులువే. చేయగలిగిన చేయిని ఆపుకుని, రక్తపోటు అదుపులో ఉంచి, రోజూ కాళ్లలో బలం పరీక్షించి, చెప్పిన రోజుకు మళ్లీ బొమ్మ తీసి చూడటం కష్టం. అది నిర్లక్ష్యం కాదని, అదీ చికిత్సేనని ఇంటివాళ్లకు తెలుగులో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో, తొందరపడకుండా చెప్పాలి. ఆపరేషన్ చేస్తే ఏం పోవచ్చో, చేయకపోతే ఏం పోవచ్చో రెండూ చెప్పాలి. తెలియనిది తెలియదని చెప్పిన వైద్యుడి మీద గౌరవం తగ్గదు, నమ్మకం పెరుగుతుంది.

అందరూ పూర్తిగా కోలుకుంటారని చెప్పలేం. కొందరికి కాళ్లలో బలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి రాదు. అప్పటి నుంచి చికిత్స ఇంట్లోవాళ్ల చేతుల్లోకి వస్తుంది. మంచం మీద ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చర్మాన్ని చూసుకోవడం, మూత్రం సంచి శుభ్రం, కీళ్లు బిగుసుకోకుండా వ్యాయామం. చిత్తూరు జిల్లా వాళ్లే కాదు, తెలుగునాట నలుమూలల వాళ్లూ వైద్యానికి వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. యువ వైద్యురాలిగా ఉండగా 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అమెరికా వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. వెన్ను దెబ్బతిన్న మనిషి బతుకు అక్కడితో ఆగిపోదని చెప్పడానికి ఆమెకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆపరేషన్ గదికి పెట్టే ఖర్చులో కొంతయినా ఇలాంటి కేంద్రాలకు పెట్టకపోతే వైద్యం సగంలో ఆగినట్టే. జిల్లాకో పునరావాస విభాగం, అందులో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు, ఇంటివాళ్లకు నేర్పే నర్సు ఉండటం గొంతెమ్మ కోరిక కాదు.

తెలుగు రాష్ట్రాలకు కొన్ని బలాలున్నాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనం ఊరి పొలిమేర దాకా వస్తుంది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవాడు పెద్దాసుపత్రి గడప తొక్కగలుగుతున్నాడు. హైదరాబాద్‌లో నిమ్స్ వంటి సంస్థలున్నాయి. ఎమ్మారై ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉంది. వెన్ను యాంజియోగ్రామ్ చేసే నైపుణ్యం మాత్రం కొద్ది నగరాలకే పరిమితం. ప్రతి ఊళ్లో ఆ నైపుణ్యం ఉండాలనడం అర్థం లేని కోరిక. ఉన్నచోటికి రోగి సకాలంలో చేరే దారి ఉండటం న్యాయమైన కోరిక. జిల్లా ఆస్పత్రి అత్యవసర విభాగంలో ఉన్న యువ వైద్యుడు రాత్రిపూట ఫోన్ చేసి, నా ముందున్న రోగి ఇలా ఉన్నాడు అని అడిగితే, పెద్ద కేంద్రంలో సమాధానం చెప్పే న్యూరో వైద్యుడు ఒకరు ఉండాలి. తీసిన ఎమ్మారై బొమ్మలు ఆ రాత్రే అక్కడికి చేరాలి. ఈ ఏర్పాటు వెన్నుపాము అన్యూరిజమ్ ఒక్కదానికోసం కాదు. వెన్నును నొక్కే రక్తం గడ్డకూ, చీముకూ, కణుతులకూ, రోడ్డు ప్రమాదంలో విరిగిన వెన్నుకూ అదే దారి పనికొస్తుంది. అరుదైన జబ్బు కోసం వేసిన బాట మీద మామూలు రోగులు వేలమంది నడుస్తారు.

ఇంటికి వచ్చే ఆర్ఎంపీకి, ఆశా కార్యకర్తకు, ఫిజియోథెరపిస్టుకు నేర్పవలసింది పెద్ద పాఠం కాదు. నడుం నొప్పి అని వచ్చిన ప్రతి ఒక్కరినీ నాలుగు ప్రశ్నలు అడగాలి. నొప్పి ఒక్క క్షణంలో వచ్చిందా? కాళ్లలో బలం తగ్గిందా, మొద్దుబారాయా? మూత్రం, మలం అదుపు తప్పాయా, ఆగిపోయాయా? తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, జ్వరం ఏమైనా ఉన్నాయా? ఒక్కదానికి అవునన్నా ఇంజెక్షన్ చేసి పంపించకూడదు, పెద్దాసుపత్రికి పంపాలి. లేవన్న రోగికి ధైర్యం చెప్పి పంపవచ్చు. ఈ నాలుగు ప్రశ్నలకు పట్టేది రెండు నిమిషాలు.

చదువరులకు ఒక మనవి. ఈ వ్యాసం చదివి ప్రతి నడుం నొప్పికీ భయపడకండి. మీకు వచ్చేది మామూలు నొప్పే అయ్యే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. అయితే మీకో, మీ ఇంట్లోవాళ్లకో వెన్నులో పొడిచినట్టు హఠాత్తుగా నొప్పి వచ్చి, కాళ్లు తడబడినా, మొద్దుబారినా, మూత్రం ఆగినా, దానికి తోడు తలనొప్పి, వాంతులు మొదలైనా, మర్దన వద్దు, రేపు చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి, అదే రోజు న్యూరో వైద్యం ఉన్న ఆస్పత్రికి చేరండి. అక్కడ వైద్యుడికి మొదట చెప్పవలసింది నొప్పి ఏ క్షణాన, ఎక్కడ మొదలై, ఎటు పాకిందన్నదే.